రెండు వందల పదకొండు మంది

ఆవిడకు కోపం ఎక్కువ. ఆవిడతో పనిచేసినవాళ్ళందరూ ఈ మాట చెబుతారు, ఆవిడ కూడా ఒప్పుకుంటుంది. "నాకు కోపం ఊరికే రాదు, కారణముంటేనే వస్తుంది. కారణాలు మరీ ఎక్కువైపోతే నేనేం చెయ్యను?" అంటుంది. మందుల పరీక్షా కేంద్రంలో పంతొమ్మిదేళ్ళుగా ఆవిడది ఒకటే పని, సీసాలు పరీక్షించడం. మూత తీయని సీసాలో మందు ఎలాగూ బాగానే ఉంటుంది, మూత తీశాక ఎన్నాళ్ళు బాగుంటుందన్నదే ఆవిడ తేల్చాలి. అందుకే ఆవిడను అక్కడ సీసాలమ్మ అంటారు. మొదట్లో వెనకాల అనుకునేవాళ్ళు. ఓ రోజు విని, "వెనకాల ఎందుకూ, మొహం మీదే అనండి, పేరు బాగానే ఉంది" అంది. అప్పట్నుంచీ మొహం మీదే అంటున్నారు.

ఇప్పుడు చెప్పబోయేది సీసాలమ్మ కోపాలన్నిట్లోకీ పెద్ద కోపం గురించి. అది మొదలైంది ఒక బుధవారం సాయంత్రం, వాళ్ళక్క కంటి ఆసుపత్రి నుంచి సంబరంగా తిరిగొచ్చినప్పుడు.

అక్కది కుట్టుపని. కోట్లు కుట్టడంలో ఆ వీధి మొత్తానికి ఆవిడదే పైచెయ్యి. ఆ ఏడాది ఎడమ కంట్లో శుక్లం ముదిరి సూదిలో దారం ఎక్కించడం కష్టమైపోయింది. ఆసుపత్రివాళ్ళు చూసి, తొమ్మిది వారాల తర్వాత ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు. ఆ సంగతి చెప్పాల్సిన మనిషి, చెప్పులైనా విప్పకుండా చెల్లెలి మీద విరుచుకుపడింది.

"ఏమేవ్, నువ్వింత గొప్పదానివని నాకు ఒక్క ముక్క చెప్పలేదే!"

"నేనేం గొప్పదాన్ని?"

"వార్డు గోడ మీద పెద్ద చార్టు పెట్టారు. కింద నీ పేరు, ఇంటిపేరుతో సహా! మా చెల్లెలే అని నర్సుకి చెప్పాను. పక్కన కూర్చున్నవాళ్ళకి చెప్పాను. ఆఖరికి తుడిచే ఆవిడక్కూడా చెప్పాను."

"చార్టులో ఏముంది?"

"కంట్లో వేసే చుక్కల సీసా తెరిచాక ఇరవై ఎనిమిది రోజులు వాడొచ్చు అనుంది."

సీసాలమ్మ చేతిలో గ్లాసు బల్ల మీద ఠక్కున పెట్టింది. "ఫ్రిజ్‌లో పెడితే అని లేదూ?"

"లేదే."

"సరిగ్గా చూశావా?"

"ఒక కన్నేగా మసకేసింది. రెండోది బాగానే ఉంది" అంది అక్క, కాస్త నొచ్చుకుని.

సీసాలమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎందుకో తెలియాలంటే ఆవిడ పరిశోధన పేపరు సంగతి చెప్పాలి. పదకొండేళ్ళ కిందట రాసింది, అదొక్కటే ఆవిడ రాసిన పేపరు. ఎనిమిది పేజీలు. దానికోసం రెండు వందల నలభై సీసాలు తెచ్చి సగం ఫ్రిజ్‌లో, సగం వార్డు ట్రాలీ మీద ఉన్నట్టే బయట బల్ల మీద పెట్టింది. రోజుకు మూడుసార్లు మూత తీసి, ఒక చుక్క వదిలి, మళ్ళీ మూత బిగించింది. ఆదివారాలు కూడా వచ్చి బిగించింది. ఫ్రిజ్‌లోవి ఇరవై ఎనిమిదో రోజుకు కూడా శుభ్రంగానే ఉన్నాయి. బయటవాటిలో ఎనిమిదో రోజుకే ఐదింట ఒకదానిలో క్రిములు పెరిగాయి. బయట ఉంచితే వారం దాటి వాడకూడదని పేపరులో స్పష్టంగా రాసింది. కాకపోతే రాసింది ఎనిమిదో పేజీలో. పైన పెట్టిన పేరేమో 'తెరిచిన కంటి చుక్కల సీసాల ఇరవై ఎనిమిది రోజుల వాడకం'. సారాంశంలో మొదటి మూడు వాక్యాలూ ఫ్రిజ్ గురించే, 'అయితే' అన్న మాట నాలుగో వాక్యంలో గానీ రాలేదు.

ఒకరి పేపరును ఇంకొకరు తమ పేపరులో ఆధారంగా చూపిస్తే దాన్ని సైటేషన్ అంటారు. సీసాలమ్మ పేపరుకు రెండు వందల పన్నెండు సైటేషన్లున్నాయి. పరీక్షా కేంద్రం వరండాలో ఆ అంకెను బోర్డు మీద రాసి పెట్టారు కూడా. ఏటా అది పెరుగుతుంటే ఆవిడ లోలోపల మురిసిపోయేది. తన పేపరును ఇంతమంది చదివారు, ఇన్ని వార్డుల్లో సీసాలు ఫ్రిజ్‌లోకి వెళ్ళి ఉంటాయి అనుకునేది. ఎవరేం రాశారో ఏనాడూ తెరిచి చూడలేదు.

మర్నాటి నుంచి చూడ్డం మొదలుపెట్టింది. తొమ్మిది రోజులు పట్టింది. రెండు వందల ఆరు పేపర్లలో ఒకటే మాట, తెరిచిన సీసా నాలుగు వారాలు భేషుగ్గా వాడొచ్చని. ఆధారం సీసాలమ్మ. ఇంకో ఐదింట్లో ఆవిడ పేరు ఏ సంబంధమూ లేని చోట, కళ్ళజోళ్ళ గురించో దేని గురించో రాసిన వాక్యం పక్కన ఉంది. ఒక్కదాంట్లో మాత్రం ఉన్నదున్నట్టు రాశారు. అది ఎవరో చదువుకునే అమ్మాయి రాసింది, ఆ పేపరును ఇంతవరకూ ఎవరూ సైట్ చెయ్యలేదు.

అంతకంటే ఒళ్ళు మండించేది ఇంకొకటుంది. సీసాలమ్మ పేపరు, అది అచ్చయిన పత్రికలో మూడు వందల పదకొండో పేజీలో మొదలవుతుంది. నూట నలభై మంది నూట పదమూడో పేజీ అని రాశారు. మొదట ఎవరో అంకెలు తారుమారు చేశారు, మిగతావాళ్ళు ఆ తప్పును కూడా భక్తిగా దింపుకున్నారు. నూట పదమూడో పేజీలో ఉన్నది చర్మం మీది దురదల గురించి వేరే ఎవరో రాసిన పేపరు. ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు పేజీ తిప్పి ఉంటే తెలిసిపోయేది. చదువుకున్నవాళ్ళట! పేర్ల పక్కన డిగ్రీలు మూరెడు పొడుగున ఉన్నాయి.

తారీఖుల వారీగా వెనక్కి వెళ్తే, ఆ నూట పదమూడు మొట్టమొదట కనిపించింది అంతకుముందు వచ్చిన పేపర్లన్నిటినీ ఒకచోట చేర్చి సమీక్షించిన తొమ్మిదేళ్ళ కిందటి ఒక సర్వే వ్యాసంలో. రాసింది వైద్య కళాశాలలో విభాగానికి పెద్ద. ఆయన్ని అందరూ పెద్దసారు అంటారు, ఆయన మాటంటే మాటే.

సీసాలమ్మ ముందు తన డైరెక్టర్ దగ్గరికెళ్ళి అంతా చెప్పింది. ఆయన శాంతంగా విని, "ఇప్పుడిదంతా కదిపితే బోర్డు మీద అంకె ఏమవుతుందండీ?" అన్నాడు.

"అంకెకేం కాదు సార్, అది గోడ మీద చల్లగా ఉంటుంది. పోయేవి జనం కళ్ళు."

"పోనీ, పత్రికకు ఓ ఉత్తరం రాసి చూడండి" అని చేతులు దులుపుకున్నాడు.

రాసింది. పేరున్న కంటి వైద్య పత్రికకు రెండు పేజీల ఉత్తరం. 'బయట ఉంచిన సీసాలు నాలుగు వారాలు వాడటం ప్రమాదం, దీనికి చూపిస్తున్న ఆధారం అలా చెప్పడం లేదు' అని లెక్కలతో సహా రాసి పంపింది. ఆ పత్రిక పద్ధతి ప్రకారం రాసినవాళ్ళెవరో, అచ్చుకు ముందు దాన్ని పరిశీలించే నిపుణులకు చెప్పరు, పరిశీలించిందెవరో రాసినవాళ్ళకు చెప్పరు. ఐదు వారాలకు జవాబొచ్చింది. 'ఈ వాదన ఈ రంగంలో స్థిరపడిన ఫలితాలకు విరుద్ధంగా ఉంది. రచయితకు విషయం మీద కనీస అవగాహన ఉన్నట్టు లేదు. ముందుగా ఈ కింది పేపరును శ్రద్ధగా చదవవలసిందిగా సూచన' అని ఉంది. కింద ఇచ్చిన పేరు సీసాలమ్మదే. పేజీ నూట పదమూడు.

ఆవిడ అరుపుకు పక్క గదిలో తూకం వేస్తున్నవాళ్ళ చేతులు ఆగిపోయాయి.

"నా పేపరు నన్ను చదవమంటున్నాడు చూడండి! శ్రద్ధగా చదవాలట! వీడి శ్రద్ధ తగలెయ్య, దురదల పేపరు చదవమంటున్నాడు నన్ను!"

మందు తూచే ఆయన లోపలికి తొంగిచూసి, "పోనీ చదివేయండి సీసాలమ్మా, దురదన్నా తగ్గుతుంది" అన్నాడు. మామూలు రోజైతే ఆవిడ నవ్వేది. ఆ రోజు ఆయన మీదికి పెన్సిల్ విసిరింది.

ఆ మధ్యాహ్నమే పెద్దసారు గదికి వెళ్ళింది. నాలుగు గోడలా సన్మాన పత్రాలు, మెత్తటి కుర్చీలు. మనిషి కూడా మెత్తగా మాట్లాడతాడు.

"కూర్చోండమ్మా. కోపంగా ఉన్నట్టున్నారు."

"ఉన్నాను సార్. ఒకటే అడుగుతాను. నా పేపరు మీరు చదివారా?"

"చూశాను."

"చూడ్డం కాదు సార్. చదివారా అని."

"ఉన్నమాట చెప్పేస్తానమ్మా, మీ దగ్గర దాపరికమెందుకు? ఆ వ్యాసంలో మూడు వందల నలభై రిఫరెన్సులున్నాయి. అన్నీ చదువుతూ కూర్చుంటే ఈపాటికి నేను రిటైరయ్యేవాణ్ణి గానీ వ్యాసం అయ్యేది కాదు. ముందు వాక్యం రాసేస్తాం. తర్వాత దానికో ఆధారం కావాలిగా, వెతుకుతాం. మీ పేపరు పేరు చూస్తే సరిగ్గా అతికింది, పెట్టేశాను."

"అంటే ముందు గుండీ చేతపట్టుకుని, తర్వాత దానికి సరిపడే చొక్కా వెతికారన్నమాట."

ఆయన నవ్వాడు. అంత ధీమాగా నవ్వుతాడని ఆవిడ అనుకోలేదు. "అందరూ చేసేదదేనమ్మా. కొన్ని స్నేహితులవి పెడతాం, రేపు వాళ్ళు మనవి పెడతారు. కొన్ని ఎడిటర్ తన పత్రికలోవి పెట్టమంటాడు. పరిశీలించేవాడు తన పేరు చెప్పడు గానీ, ఫలానావాళ్ళవి నాలుగు పెట్టండి అంటాడు, ఆ నాలుగూ ఒకడివే. వాడెవడో అప్పుడే తెలిసిపోతుంది. ఇక మిగిలినవి ముందువాళ్ళ జాబితాలోంచి ఎత్తి పెట్టుకుంటాం."

"సార్, మీరు పెట్టుకున్నది ఆసుపత్రివాళ్ళు తీసుకెళ్ళి వార్డు గోడకు అంటించారు. అక్కడ సీసాలు నెలంతా ట్రాలీ మీదే ఉంటున్నాయి. వచ్చే వారం మా అక్కకు ఆపరేషన్. ఆ సీసాలోదే తన కంట్లో వేస్తారు. అది కుట్టుపని చేసుకుని బతికే మనిషి."

పెద్దసారు నవ్వు ఆగింది. టేబుల్ మీది పెన్ను అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"ఒక్క సవరణ వెయ్యండి సార్. రెండు లైన్లు చాలు."

"తొమ్మిదేళ్ళ కిందటి వ్యాసమమ్మా. ఇప్పుడు ఒకటి కదిలిస్తే, మిగతా మూడు వందల ముప్ఫై తొమ్మిదీ చూడమంటారు." ఆవిడ లేచి నిలబడింది. ఆయన వెనకనుంచి, అదే మెత్తటి గొంతుతో అన్నాడు. "మీ పేపర్లోనూ రిఫరెన్సులుంటాయిగా. అన్నీ మీరు చదివే పెట్టారా?"

"చదివే పెట్టాను" అంది సీసాలమ్మ. తలుపు దాటేలోపే తొమ్మిదోది గుర్తొచ్చింది.

తొమ్మిదో రిఫరెన్సు ఆవిడ చదవలేదు. పాత పత్రిక, దొరకలేదు. వేరే వాళ్ళ పేపరు కింద ఉంటే ఎత్తి రాసింది. సీసా మూతల నుంచి క్రిములు వస్తాయన్న వాక్యానికి అదే ఆధారం. తిన్నగా కళాశాల గ్రంథాలయానికి వెళ్ళి, కింది గదిలో దుమ్ము దులిపి ఆ సంపుటం తీయించి, నిలబడే చదివింది. అందులో సీసాల ఊసే లేదు. అది ట్యూబుల్లో అమ్మే మలాముల గురించి. పదకొండేళ్ళుగా ఆవిడ పేరు మీద ఆ అబద్ధం తిరుగుతోంది. అప్పటిదాకా లోకం మీదున్న కోపం అక్కడికక్కడ తన మీదికి తిరిగింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అక్కడే కూర్చుని, తన పేపరు అచ్చేసిన పత్రికకు రెండు లైన్ల సవరణ రాసింది. తొమ్మిదో రిఫరెన్సు తాను చదవకుండా పెట్టానని, అది తప్పని. రాయడానికి రెండు నిమిషాలైనా పట్టలేదు. ఆ మాత్రం పెద్దసారుకు చేతకాలేదా అని మళ్ళీ మండిపడింది.

ఇంటికెళ్ళి అక్కతో ఆపరేషన్ వాయిదా వేసుకోమంది. అక్క ససేమిరా అంది.

"ఈ తేదీ పోతే మళ్ళీ నాలుగు నెలలు. అప్పటిదాకా గుడ్డ తడుముకుంటూ కూర్చోమంటావా? నిన్న ఒకాయన కోటుకి ఎడమ జేబు లోపలివైపు కుట్టాను. ఆయన వేసుకుని చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలీక అలా నిలబడిపోయాడు పాపం."

"అక్కా, ఆ సీసాలు మంచివి కావు."

"ఊరుకోవే. నీ పేరుందిగా గోడ మీద. నాకేం భయం?"

ఈ మాటకు సీసాలమ్మకు ఏడుపొచ్చింది, ఏడవడం చేతకాక కోపమే తెచ్చుకుంది. మర్నాడు పొద్దున్నే కంటి ఆసుపత్రి వార్డులో ఉంది.

వార్డు నర్సు ఇరవై ఏళ్ళ సర్వీసున్న మనిషి, నిదానస్తురాలు. చార్టు మీద పేరు ఈవిడదేనని తెలిసి కుర్చీ వేసింది. సీసాలమ్మ కూర్చోలేదు. చార్టు తప్పని చెప్పింది. నర్సు నమ్మింది గానీ, "నోటి మాట మీద మార్చలేం మేడమ్. మాకు కాయితం కావాలి" అంది.

"కాయితాలతోనే వచ్చింది ఈ తంటా అంతా. మీ ట్రాలీ మీది సీసాలు ఇవ్వండి, నేను పరీక్ష చేస్తాను."

పద్నాలుగు సీసాలు సంతకం పెట్టి పట్టుకెళ్ళింది. ఒక్కో సీసాలోంచి ఒక్కో చుక్క, క్రిములు పెరిగే జెల్లీ పోసిన ప్లేటు మీద వేసి, వెచ్చటి పెట్టెలో ఉంచింది. మూడో రోజు తీసి చూస్తే నాలుగు ప్లేట్ల నిండా పచ్చటి మచ్చలు. ప్లేట్లు మూతలు బిగించి, అట్టపెట్టెలో పెట్టుకుని, పట్టుకెళ్ళి నర్సు ముందు పరిచింది.

నర్సు మొహం పాలిపోయింది. "పోయిన నెల ముగ్గురు ఎర్రటి కళ్ళతో తిరిగొచ్చారు మేడమ్. చేతులు కడుక్కోకుండా కట్టు ముట్టుకున్నారని వాళ్ళనే తిట్టి పంపాం. అందులో ఒకాయనకు చూపు ఇంకా సరిగ్గా రాలేదు."

"ఆయన్ని తిట్టారా?"

"తిట్టాం" అంది నర్సు, తల దించుకుని.

ఇద్దరూ ప్లేట్లు పట్టుకుని సూపరింటెండెంట్ గదికి వెళ్ళారు. అక్కడ సీసాలమ్మ గొంతు ఎంత లేచిందంటే గుమాస్తా వచ్చి తలుపు వేశాడు. సూపరింటెండెంట్ పేపర్లేవీ చూడలేదు, ప్లేట్లు చూశాడు. ముక్కు మూసుకుని, వెంటనే చార్టు మార్చమన్నాడు. ఆ సాయంత్రమే సీసాలన్నీ పారబోసి, వార్డులోకి ఫ్రిజ్ తెప్పించాడు. అంతవరకూ మెచ్చుకోవాల్సిందే.

"కింద రిఫరెన్సు ఏం వేద్దామండీ? రిఫరెన్సు లేకుండా చార్టు పెట్టకూడదు" అన్నాడు చివర్లో.

"నా పేపరే. ఎనిమిదో పేజీలో ఉంది. మొదలయ్యేది మూడు వందల పదకొండులో, నూట పదమూడు కాదు" అని ఆవిడే చీటీ మీద రాసిచ్చింది.

సోమవారం అక్కకు ఆపరేషన్ బాగా జరిగింది. మర్నాడు సీసాలమ్మ వెళ్ళేసరికి అక్క ఎడమ కంటికి కట్టుతో మంచం మీద కూర్చుని ఉంది. చెల్లెల్ని చూడగానే వార్డంతా వినపడేలా అరిచింది.

"ఏమేవ్, నీ పేరు పీకేశారే! ఎవడిదో పేరు పెట్టారు! అడుగు వాళ్ళని!"

సీసాలమ్మ గోడ దగ్గరికి వెళ్ళింది. కొత్త చార్టు, పైన అక్షరాలు పెద్దవి, మాట సరిగ్గానే ఉంది. కింద సన్నగా పెద్దసారు పేరు, తొమ్మిదేళ్ళ కిందటి సర్వే వ్యాసం. వారం దాటకూడదన్న మాటకు ఆధారంగా, నెల రోజులు వాడొచ్చని రాసిన వ్యాసాన్ని పెట్టారు.

"సూపరింటెండెంట్ గారే మార్పించారు మేడమ్" అంది నర్సు ఇబ్బందిగా. "చార్టు మీద అందరికీ తెలిసిన పెద్ద పేరుంటే బాగుంటుందన్నారు."

"ఆ వ్యాసం ఆయన చదివాడా?"

నర్సు ట్రాలీ సర్దడం మొదలుపెట్టింది.

సీసాలమ్మ చెయ్యి చార్టు మూలను పట్టుకుంది. ఒక్క లాగు లాగితే ఊడొచ్చేదే. పళ్ళు పటపటలాడాయి. అడుగున ఉన్న పేరు చిరిగితే పైనున్న మాట కూడా చిరుగుతుంది. పట్టుకున్న మూల వదిలేసి, నలిగిన చోట బొటనవేలితో నొక్కి మళ్ళీ గోడకు అతికించింది. వచ్చి అక్క పక్కన కూర్చుంది.

"ఏమీ అనకుండా వచ్చేశావేమే?"

"పైన ఏం రాశారో చదివావా అక్కా?"

"చదవకుండా అరుస్తానా?" అక్క మంచి కన్ను చిట్లించి, దూరం నుంచే, ఒక్కో మాట కూడబలుక్కుంటూ చదివింది. "తెరిచిన సీసా... ఫ్రిజ్‌లోనే ఉంచాలి. ఫ్రిజ్‌లో ఉంచితే... ఇరవై ఎనిమిది రోజులు. బయట ఉంచితే... వారం దాటి వాడరాదు. అంతే, చుక్క పెట్టేశారు."

"ఒంటి కంటితో చివరి దాకా చదివావు. రెండేసి కళ్ళున్న రెండు వందల పదకొండు మందికి చేతకాలేదు" అంది సీసాలమ్మ.

అక్కకు ఆ లెక్కేమిటో అర్థం కాలేదు. చెల్లెలి చెయ్యి మాత్రం పట్టుకుంది.

నర్సు కట్టు విప్పి, ఫ్రిజ్ తలుపు తీసి సీసా తెచ్చింది. సీసాలమ్మ చెయ్యి చాచి అడిగి తీసుకుంది. కొత్తగా అంటించిన కాయితం మీద తెరిచిన తారీఖు చూసింది. రెండు రోజుల కిందటిది. సీసా వెలుతురుకు ఎత్తి పట్టుకుని అటూ ఇటూ ఊపి చూసి, తిరిగిచ్చింది.

"వెయ్యండి" అంది.